క్షేత్రకథలు: కోటప్పకొండ గొల్లభామ

నరసరావుపేటకు దక్షిణముగా సుమారు 13 కిలోమీటర్ల దూరమున, చదునైన పొలముల నడుమ ఒక కొండ కలదు. ఏ దిక్కున నిలిచి చూచినను దానికి మూడు శిఖరములు కానవచ్చునని ప్రతీతి. అందుచేతనే పెద్దలు దానిని త్రికూటాచల మనిరి. పొలము దున్నువారికిని, బండి తోలువారికిని అది కోటప్పకొండ. చిరకాలము గుంటూరు జిల్లాలో నుండి, 2022వ సంవత్సరమున క్రొత్తగా ఏర్పడిన పల్నాడు జిల్లాలోనికి వచ్చినది. దాని పాదమున నున్న యెల్లమంద, కొండకావూరు గ్రామములు ఈ మాసము మేము చెప్పదలచిన కథకు పుట్టిండ్లు.

ఆ సీమలోని సోదరీమణులలో కోటప్పకొండ తిరునాళ్ళ యెరుగనివా రుండరు. శివరాత్రికి ప్రభలు చూచి వచ్చితిమని సంబరముగా చెప్పుదురు. ఆ కొండపై స్వామికంటె ముందు పూజ లందుకొను గొల్లభామ యెవరని పిల్లలడిగిన మాత్రము, "వెనక్కి తిరిగి చూడొద్దంటే చూసింది, రాయైపోయింది" అని ఒక్క ముక్కలో తేల్చి, పులిహోర పొట్లము విప్పుదురు. ఆ ఒక్క ముక్క మాకు ఏనాడును రుచింపలేదు. కథలో ఆమె వెనుదిరిగి చూచినది ఒక్క క్షణము. కొండ యెక్కినది ఎన్ని యేండ్లో! ఏండ్ల తరబడి చేసిన పనిని విడిచి, క్షణమాత్రపు చూపును పట్టుకొని ఒక ఆడుదాని పేరు నిలుపుట యేమి న్యాయము?

మొదట కొండ సంగతి చెప్పెదము. మూడు శిఖరములకును ముగ్గురు మూర్తుల పేర్లు. దక్షయజ్ఞము ధ్వంసమైన పిమ్మట శివుడు పండ్రెండేండ్ల వటువుగా, దక్షిణామూర్తియై, ఈ కొండపై యోగనిష్ఠలో నుండెనని స్థలపురాణము. ఆయన మొదట నెలకొన్నచోటు రుద్రశిఖరము. అచ్చటి గుడిని పాత కోటప్పగుడి యందురు. దక్షుని యజ్ఞమున హవిర్భాగము లందుకొన్న దేవతలు ఆ పాపము పోగొట్టుకొన గోరగా, శివుడు శూలముతో రాతిని పొడిచి నీరు పుట్టించిన తావు విష్ణుశిఖరము. ఇప్పుడు జనులు వేలకొలదిగా పోయి కొలుచు త్రికోటేశ్వరుని ఆలయ మున్నది బ్రహ్మశిఖరముపై. రుద్రశిఖరమున నుండిన స్వామి బ్రహ్మశిఖరమునకు ఎట్లు వచ్చెనన్నదే గొల్లభామ కథ. ఆమె లేకున్న ఈ గుడి ఇక్కడ లేదు. ఇది గుర్తుంచుకొని తరువాతి కథ వినవలయును.

యెల్లమందలో సాలంకయ్య యను నతడు తన తమ్ములతో గూడ కొండపై కట్టెలు కొట్టి బ్రదుకుచుండెను. దినమును రుద్రశిఖరముపై శివుని పూజించుట అతనికి వాడుక. ఒకనాడు గాలివాన రాగా గుహలో దాగి, అక్కడ ధనము చూచెను. దరిద్రము తీరినది. కొంతకాలమునకు ఒక జంగమదేవర అతని యింటికి రా నారంభించి, పాలు మాత్రము స్వీకరించి పోవుచుండెను. ఒకనాడు ఆ దేవర రాలేదు. ఎక్కడ వెదకినను కనబడలేదు. సాలంకయ్యకు అన్నము సహింపలేదు. కలిమి వచ్చిన తరువాత దేవుడు కనబడకపోవుట లోకమున మామూలే గాని, ఈయన దానికి ఏడ్చినాడు. అది అతని గొప్ప.

కొండకావూరులో సునందుడు, కుందరి యను గొల్లదంపతులకు ఆనందవల్లి యను కూతురు. చిన్ననాటినుండియు విభూతియు రుద్రాక్షలును తప్ప వేరు అలంకార మొల్లనిది. తెల్లవారకముందే పాలును, నీరును, మారేడు పత్రియు గొని రుద్రశిఖర మెక్కి, శివుని అర్చించి దిగి వచ్చుట ఆమె నిత్యకృత్యము. మన యిండ్లలో పిల్లలు నవ్వుదురు గాని, పాలకుండ యెత్తుకొని రాళ్ళమీదుగా కొండ యెక్కుట ఏ పాటి శ్రమయో పెరటి నూతినుండి రెండు బిందెలు మోసినవారికి తెలియును. ఒక్క యెండకాలపు నాటి సంగతి యిట్లు చెప్పుదురు. ఆమె అలసి, కుండను ఒకచో దింపి, మారేడు దళములు కోసికొన పోయినది. ఇంతలో ఒక కాకి వచ్చి కుండపై వ్రాలెను. కుండ దొర్లి, అభిషేకపు నీరు నేలపాలయ్యెను. అంత శాంతమూర్తికిని అప్పుడు కోపము వచ్చి, ఈ కొండపై కాకి యన్నది కనబడరాదని శపించెనట. నేటికిని కోటప్పకొండపై కాకులు వ్రాలవని ఆ సీమవారందరి నమ్మకము. మా యింటివారు బడిపంతులు గావున, తిండి లేనిచోట కాకి యేల వ్రాలునని వాదింతురు. శివరాత్రినాడు లక్షల మంది తిని పారవేసిన విస్తళ్ళు చూపి అడిగితిమి. అప్పుడు వారు వార్తాపత్రిక చదువుకొనిరి.

ఒక శివరాత్రినాడు ఆనందవల్లికి శిఖరముపై తపస్సు చేయుచున్న జంగమదేవర కనబడెను. సాలంకయ్యయింటి దేవరయే యాతడు. ఆనాటినుండి ఆమె పూజ ఆయనకే. సాలంకయ్య ఈ సంగతి విని, తన పూజయు గ్రహింపు మని స్వామికి విన్నవింపుమని ఆమెను బ్రతిమాలుకొనెను. ఇక్కడినుండి కథ మన పెద్దలకు నోరాడని దారి పట్టును. ఆమె సంసారము వైపు మరలునేమో చూతమని, స్వామి తన మాయచేత కన్యయైన ఆనందవల్లికి గర్భము కలుగజేసెను.

ఈ భాగమును పిల్లలముందు చెప్పరు. కొందరు ఆమె పెండ్లియైన ఇల్లాలని మార్చి చెప్పుదురు. మరికొందరు గర్భము మాటయే యెత్తక, ఒక్క గంతులో వెనుదిరిగి చూచుటకు వచ్చెదరు. ఇట్లు దాచుట వలన కథ పరిశుభ్రమగునని వారి తలంపు కాబోలు. మా తలంపు వేరు. దాచినచో ఆమె చేసిన పనిలోని గొప్పతనమంతయు దాగిపోవును. పెండ్లికాని పిల్ల, నిండిన కడుపు, చిన్న పల్లె. నూతికడ ఏమనుకొనియుందురో, వాకిట నిలిచినవారు ఎట్లు చూచియుందురో కథకులు చెప్పరు. చెప్పనక్కరలేదు, ఏ యుగమునందైనను మనకు తెలిసినదే. ఆమె మాత్రము మరునాడును కుండ యెత్తుకొని కొండ యెక్కినది. ఆ పైదినమును ఎక్కినది. స్వామిని ఇది యేమని అడిగినట్లు మేము విన్న యే కథలోను లేదు. పరీక్ష పెట్టినవాడు దేవుడు. నింద మోసినది ఆమె. ఈ మాట వ్రాయుట శివనింద కాదు. పరీక్షకు ఓడినది తానేయని స్వామి తన నడకతోనే ఒప్పుకొన్నట్లు ముందుకథ చెప్పుచున్నది.

నెలలు నిండుకొలది ఎక్కుట కష్టమాయెను. అప్పుడు జంగమదేవర ఆమె భక్తికి మెచ్చి, ఇక నీవు కొండ యెక్కనక్కరలేదు, నేనే నీ యింటికి వచ్చెద, నీవు ముందు నడువుము, వెనుదిరిగి మాత్రము చూడకుము అనెను. ఆమె దిగుచున్నది. వెనుక స్వామి వచ్చుచున్నాడు. ఆయన అడుగుల బరువునకు కొండరాళ్ళు పగులుచున్నట్లు భయంకరమైన చప్పు డయ్యెనట. నిండుచూలాలు. వెనుక కొండ విరిగిపడుచున్న ధ్వని. బ్రహ్మశిఖరము కడకు వచ్చుసరికి ఆమె తిరిగి చూచెను. స్వామి అక్కడనే ఆగి, గుహలో ప్రవేశించి లింగరూపుడయ్యెను. తన గర్భము మాయయని తెలిసికొని, ఆమెయు శివునిలో ఐక్యమయ్యెను. సాలంకయ్య వచ్చి, ఆ లింగమునకు ఆలయము కట్టించెను. గొల్లభామకును గుడి కట్టుమనియు, భక్తులు మొదట ఆమెను దర్శించి పిదప తన్ను చూడవలెననియు స్వామి ఆనతి. ఆ ఆనతి నేటికిని నడచుచున్నది.

ఇప్పుడు చెప్పుడు, సోదరీమణులారా! వెనుదిరిగి చూచుట నిజముగా తప్పే యైనచో, తప్పు చేసినదానిని తనకంటె ముందు పూజింపుమని ఏ దేవుడైన చెప్పునా?

ఈ వాదమునకు మాకు ఒక సాక్షి కలడు. ఓఢ్రదేశమున సాక్షిగోపాలుని కథ చాలమంది వినియుందురు. చైతన్య చరితామృతమున కృష్ణదాస కవిరాజు దానిని వ్రాసెను. ఒక వృద్ధ బ్రాహ్మణుడు తీర్థయాత్రలో తనకు సేవ చేసిన యువకునికి కూతు నిచ్చెదనని బృందావనమున గోపాలుని ఎదుట మాట యిచ్చి, ఊరు చేరిన పిమ్మట కొడుకులకు జంకి మాట మార్చును. యువకుడు మరల బృందావనము పోయి, సాక్ష్యమునకు రమ్మని విగ్రహమును వేడుకొనును. గోపాలుడు వెంట వచ్చును. నియమ మదియే: నీవు వెనుదిరిగి చూడరాదు, చూచినచోట నేను నిలిచిపోదును. నా అందెల మ్రోత వినుచు నడువుము. యువకుడు తన ఊరి పొలిమేర చేరి, కన్నులార చూడక జనులకు ఎట్లు చెప్పుదునని వెనుదిరిగెను. స్వామి నవ్వి అక్కడనే నిలిచెను. ఊరివారు పరుగెత్తుకొని వచ్చి చూచిరి, సాక్ష్యము నెగ్గినది, పెండ్లియు జరిగినది. ఆ యువకుని మాట దాటినవా డని ఎవరైన అనిరా? రాయైపోయెనని ఎవరైన అనిరా? అనలేదు. అతడు మగవాడు, అందెల మ్రోత విని చూచెను. ఈమె ఆడుది, కడుపుతో నున్నది, కొండలు పగులు చప్పుడు విని చూచెను. ఇద్దరి చూపు వలనను దేవుడు ఊరికి దగ్గరగా నిలిచెను. అతనికి కీర్తి, ఈమెకు "వెనక్కి చూసింది" అను మాట.

మా తండ్రిగారు మాకు బసవపురాణము చదివించిన దినములలో, అందులోని స్త్రీల కథలు వచ్చినప్పుడు తాళపత్రమునకు దండము పెట్టించెడివారు. శివునికి తల్లి లేదే యని జాలిపడి, తానే తల్లియై లాలించిన బెజ్జమహాదేవి యున్నది. పాలు తెచ్చిపెట్టిన దేవుడు త్రాగలేదని బావురుమని యేడ్చి త్రాగించిన గొడగూచి యను పసిపిల్ల యున్నది. పాల్కురికి సోమనాథుడు ఈ అమాయికల తప్పు లెన్నలేదు. వారి మంకుపట్టు ముందు దేవుడే దిగివచ్చినట్లు వ్రాసెను. గొల్లభామయు ఆ కోవలోనిదే. వారు పుస్తకమున కెక్కిరి, ఈమె కొండ యెక్కినది. గ్రంథమున కెక్కినవారి కథ మారదు. నోటిలో నున్నవారి కథ ఎవరి నోటికి తగినట్లు వారు దిద్దుకొందురు.

మరియొక విశేషము. త్రికోటేశ్వరుడు దక్షిణామూర్తి, బ్రహ్మచారి గావున ఈ క్షేత్రమున కల్యాణోత్సవము చేయరు. సాలంకయ్య స్వామిచెంత పార్వతిని నిలిపి కల్యాణము చేయ బూనగా, ఆ విగ్రహము మాయమయ్యెనని చెప్పుదురు. శివాలయము లన్నిట అమ్మవారికి కుంకుమపూజ చేసికొని వచ్చు మన స్త్రీలకు, ఈ కొండపై తల్లి యని, అక్క యని చెప్పుకొనుటకు ఉన్నది గొల్లభామ యొక్కతెయే. దేవుని పెండ్లాడినది కాదు, దేవత కాదు, రాజుబిడ్డ కాదు. పాడి చేసికొనువారి పిల్ల.

తిరునాళ్ళ సంగతి వ్రాయక విడిచినచో గుంటూరు సోదరీమణులు మాపై అలుగుదురు. మాఘ బహుళ చతుర్దశినాడు చుట్టుపట్ల ఊళ్ళనుండి ప్రభలు కదలును. వెదురుబొంగులతో చట్రము కట్టి, రంగుగుడ్డలు, కాగితములు అలంకరించి నిలువునా నెత్తిన ప్రభ 80 అడుగులు మించి యుండును. పూర్వము ఎడ్లు లాగెడివి. ఇప్పుడు ట్రాక్టరులును లాగుచున్నవి. వెనుకట దీపములుండిన చోట నేడు విద్యుద్దీపములు. ఒక ప్రభ కట్టుటకు ఊరంతయు దినముల తరబడి పాటుపడును. మగవారు మోకులు బిగించుచుండ, ఆడువారు ఇంటింట చందా బియ్యము, పప్పు కూర్చి, పని చేయువారికి వండి పెట్టుదురు. బయలుదేరునపుడు ముత్తైదువులు బిందెలతో వారుపోసి సాగనంపుదురు. రాత్రివేళ పొలములలో నిలిచి చూచిన, వెలుగుల గోపురములు నడచి వచ్చుచున్నట్లుండును. మోకు సడలిన పక్కకు వాలును గావున, దాని నాలుగు దిక్కుల త్రాళ్ళు పట్టినవారి చేతులు బొబ్బ లెక్కును. చూచువారి కన్నులు ప్రభపై నుండును. పట్టినవారి కన్నులు త్రాటిపై నుండును.

యాత్రికులు దారి పొడుగునను "చేదుకో కోటయ్యా" అని కేకలు వేయుదురు. చేదుకొనుట యనగా నూతిలోని నీటిని త్రాటితో పైకి లాగుకొనుట గదా. మేము నూతిలోని బొక్కెనలము, నీవు గట్టుపై నిలిచి పైకి లాగుమని ప్రార్థన. ఎంత చక్కని మాట! నీరు చేదినవారే ఈ మాట పుట్టించియుందురు. వేదాంత గ్రంథములలో ఇంత సూటి మాట మేము చూడలేదు.

పోయిన యేడు మా వీధిలో జరిగిన సంగతి యొకటి చెప్పెదము. వీధి చివర ఒక పెద్దావిడ యున్నది. మేము పిన్నిగారని పిలుతుము. కొడుకునకు పెండ్లియై ఆరేండ్లు గడచినను కోడలికి కానుపు లేదు. పిన్నిగారు కోటయ్యకు మ్రొక్కుకొన్నది: కోడలు కడుపుతో నున్నచో, ఆ యేటి శివరాత్రికే దానిచేత పాలబిందె యెత్తించి మెట్లదారిన కొండ యెక్కింతునని. కోడలికి నెల తప్పినది. శివరాత్రి వచ్చుసరికి ఆరవ మాసము. వైద్యురాలు కూడదన్నది. కొడుకు నోరు విప్పడు. కోడలు అత్తగారికి ఎదురాడదు. వంటయింటిలో నిలిచి కన్నులు తుడుచుకొనుచుండెను. మ్రొక్కు తప్పిన బిడ్డ కేమగునో యని పిన్నిగారికి పగలు రాత్రి బెంగ. ఆ బెంగను తక్కువ చేసి మాటలాడువారికి ఆరేండ్లు ఎదురుచూచుట యెట్టిదో తెలియదు.

ఆవిడ ఒక మధ్యాహ్నము మా యింటికి వచ్చి, "అమ్మాయ్, నువ్వు పురాణాలు చదివినదానివి. మొక్కు మార్చుకునే దారేదైనా ఉందా?" అని అడిగెను. మేము ధర్మశాస్త్రము తీయలేదు. గొల్లభామ కథ మొదటినుండి, గర్భము సంగతి దాచకుండ చెప్పితిమి. కడుపుతో నున్న దానిని ఇక కొండ యెక్కవద్దని చెప్పినవాడు వైద్యుడు కాదు, స్వయముగా కోటయ్యే నంటిమి. పిన్నిగారు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "ఎక్కొద్దన్నాడు సరే, ఊరికే అనలేదుగా. దాని బదులు తానే దిగివచ్చాడు. ఒకరి బదులు ఒకరు నడవాలన్నమాట" అనెను. మాకు ఆ కోణము అంతవరకు తోచలేదు.

శివరాత్రి రద్దీ తగ్గిన పిదప ఒక సోమవారమున వారు బయలుదేరిరి. కోడలిని, కొడుకును కారులో ఘాట్‌రోడ్డున పంపి, పిన్నిగారు తాను పాలబిందె చంకన నెత్తుకొని మెట్లదారి పట్టెను. మేము తోడు పోయితిమి; బిందె మాత్రము మా చేతి కీయలేదు. మూడుచోట్ల కూర్చుండెను, నాలుగవచోట నీళ్ళు త్రాగెను. మొదట గొల్లభామ యెదుట నిలిచి పసుపు కుంకుమ లిచ్చి, ఏదో గొణిగికొనెను. అది మాకు వినబడలేదు. స్వామి కడ కోడలు ఎదురువచ్చి బిందె నందుకొనబోగా, గట్టిగా కసరి, పూజారి చేతికి తానే యిచ్చెను.

మరునాడు మోకాళ్ళకు నువ్వులనూనె రాచికొనుచు ఆవిడ మాతో చెప్పినది ఇంతే: "నిజమేనమ్మాయ్, ఒక్క కాకీ కనపడలేదు. కూర్చున్న మూడుచోట్లా అదే పనిగా చూశాను."